మర

ముప్పావు అంగుళం బోల్టు ఒకటి పట్టుకుని
ప్రతి మంగళవారం వస్తాడు ఓదెలు.
కౌంటరు మీద పెట్టడు.
అరచేతిలోనే ఉంచి
కంసాలికి ముక్కుపుల్ల చూపినట్టు చూపిస్తాడు.
"దీనికి జోడు దొరికిందా బిడ్డా?"

శివనగర్ అండర్ బ్రిడ్జి దాటగానే మా దుకాణం.
నట్లమ్మేది ఆడమనిషని చూసి
వెనక్కి తిరిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.
ఓదెలు మాత్రం మొదటి రోజే అడిగాడు,
నీ దగ్గర వర్నియర్ ఉన్నదా అని.

లూథియానా సంచులన్నీ కుమ్మరించాను.
పదహారు, పద్దెనిమిది, ఇరవై మిల్లీమీటర్లు.
తొడిగితే ఒకటి వదులు, ఒకటి ఇరుకు,
ఒకటి మాత్రం చుట్టున్నర తిరిగి మొండికేసింది.
"బలిమి చెయ్యకు, చూడీ పోతది" అని లాక్కున్నాడు.
"నీ నట్లు అరవై డిగ్రీలు, ఇది యాభై ఐదు.
అయిదే తేడా.
గా అయిదు డిగ్రీలల్ల ఒక దేశం వట్టింది."

పదహారేళ్లకు మిల్లులో చేరాడట.
నూనె గుడ్డతో మగ్గాలు తుడవడం పని.
ఓల్డ్‌హామ్, బ్లాక్‌బర్న్, అక్రింగ్టన్:
పోత ఇనుము మీద ఉబ్బిన అక్షరాలను
వేళ్లతో తడిమి నేర్చుకున్నాడు.
ఓల్డ్‌హామ్‌లో మొదటిది సున్న అనుకున్నాడట
ఏడాది పాటు.

మా వైపు వాళ్లు తెల్లదొరను చూసిందెక్కడ?
మాకు దొరంటే గడీలో దొర.
సర్కారు హైదరాబాదులో, సిక్కా మీద ఉర్దూ.
ఆ జెండా ఈ మట్టిలో పాతనే లేదు.
కానీ ఇనుము వచ్చింది,
బొంబాయిలో ఓడ దిగి, కాజీపేటలో మలుపు తిరిగి,
పెట్టెల్లో గడ్డి చుట్టుకుని.
ఇనుము వెంట అంగుళం వచ్చింది.
అంగుళం వచ్చి మనుషుల చేతుల్లో కూర్చుంది.
ఓదెలు ఇప్పటికీ మనుమరాలి ఎత్తు
బొటనవేలి కణుపులతో కొలుస్తాడు.

వేలం నాడు మిల్లును తూకానికి అమ్మారు.
లారీలు వరుసగా పోతుంటే గేటు దగ్గర నిలబడ్డాడు.
గుంతలో కుదిపినప్పుడు ఒకటి జారి
దుమ్ములో పడింది.
వంగి తీసుకున్నాడు.
వాచ్‌మన్ చూశాడు, చూసి
బీడీ కోసం జేబులు వెతుక్కున్నాడు.

తెలుగులో మరంటే యంత్రం,
బోల్టు ఒంటి మీది మెలిక కూడా.
మొదటిది పోయింది.

మొన్న బాకీ వసూలుకు పరకాల వైపు పోయాను.
మూతపడ్డ రైసుమిల్లు వెనక పాత ఆయిల్ ఇంజను.
దాని చక్రానికి మేకను కట్టేశారు.
మసి గీకితే లింకన్ అని ఊరి పేరు.
మూల మీద నట్టు కనిపించగానే
నాకెందుకో గుండె దడదడలాడింది.
కిరసనాయిలు పోసి, సుత్తితో తట్టి, గంట కూర్చున్నాను.
మిల్లాయన రెండు చాయ్‌లు తెప్పించి
పైసలు తీసుకోలేదు. పిచ్చిదనుకున్నాడేమో.

మంగళవారం ఓదెలు చేతికిచ్చాను.
బోల్టు నిలువుగా పట్టి, నట్టు తలకు ఆనించి,
చూపుడు వేలితో చిన్నగా తోశాడు.
తిరిగింది.
చప్పుడు లేదు. ఆగలేదు.
కిందిదాకా, తన బరువుతో తానే దిగింది.

ఏమంటాడో అని చూశాను.
"ఊరు వేరు. అయినా చూడీ ఒక్కటే" అన్నాడు.
కొంచెం అరిగిందని వంక కూడా పెట్టాడు.
అయిదు రూపాయలు కౌంటరు మీద పెట్టి,
వద్దన్నా వినక, మెట్లు దిగాడు.

ఇక రాడనుకున్నాను.
ఆ వారమంతా దుకాణం బోసిగా ఉండింది.

మళ్లీ మంగళవారం వచ్చాడు.
ఈసారి కండువాలో చుట్టి తెచ్చింది పానా.
మూరెడు పొడుగు, పట్టిన చోట అద్దంలా నున్నన.
పిడి మీద మూడు బై నాలుగు, పక్కన డబ్ల్యూ.
నా బోర్డులో వేలాడే దేనికీ
అది పట్టదని ఇద్దరికీ తెలుసు.

"గీ పానకు
ఏమన్న పని దొరుకుతదా బిడ్డా?"