బండ మోత

మా ఊరు బండలకు పేరు.
ఎర్రగుంట్ల దారిలో లారీలు నిలువుగా పేర్చుకోని
ఎవరెవరి వంటిండ్లకో మోసకపోతాంటాయి.
మా సందులో కాలవ మీద మాత్రం
ఒక్క బండ తక్కువ.

ఆ రాత్రి కరెంటు లేదు.
పెండ్లి వంట కాడ మూడు మూటల ఉల్లిగడ్లు తరిగి
కండ్లు ఇంకా మండతానే ఉండాయి.
కుడికాలు నేల అనుకున్నది
నేల కాదు.

"ఎట్ల పడితివి దస్తగిరమ్మా?"
ఎదురింటి ఓబులమ్మ బుడ్డీ పట్టుకోని వచ్చింది.
"పుత్తూరు కట్టు కట్టిచ్చుకో, నాలుగు వారాలకు లేచి తిరుగుతావు.
పెద్దాసుపత్రికి పోతే కాలు కోస్తారు, మా మామకు కొయ్యలా?"
వాళ్ల మామది చక్కెర జబ్బు.
ఆ సంగతి ఆమెకు గుర్తుండదు.

ఆటో ఖాజాపీరు ఏమీ అడగలే.
కాలికి అటొకటి ఇటొకటి కొబ్బరిమట్ట పెట్టి
తన తువాలతోనే కట్టి
"అమ్మా, గుంత" అని ముందుగా చెప్పుకుంటా నడిపినాడు.
రిమ్స్ దాకా పదకొండు గుంతలు.
పన్నెండోది చెప్పడం మరిచినాడు. అరిచినా.

"ఎట్ల పడినారమ్మా?"
రెండు రాత్రులు నిద్ర లేని డాక్టరు పాప.
నేను నోరు తెరిచేలోపలే
స్ట్రెచర్ తోసే ఆయన, "ఇంట్లో జారిపడింది మేడం, రాసేయండి."
పెన్ను కదిలింది.
నాకు చదువు రాదు.
కానీ నన్ను అడక్కుండానే నా కత అయిపోయిందని
ఆ పెన్ను మోతలోనే తెలిసింది.

"పాపా, నేను ఇంట్లో పడలే.
మా ఇంట్లో మనిషి పడేంత జాగా యాడుంది?
కాలవలో పడినా. బండ లేని కాలవలో.
రాయి."
ఆ యమ్మ తల ఎత్తింది.
రాయి అంటే రాయమనా, రాయి లేదనా?
రెండూ.
ఆ వరస కొట్టేసి, పక్కన సంతకం పెట్టి,
మళ్లీ రాసింది.

కాల్లో రాడ్డు, దానికి ఆరు మరలు.
ఇరవై రెండు రోజులు మంచం.
మడమ ఎత్తమ్మా, దించమ్మా, ఏడ్చినా సరే ఎత్తమ్మా.
కూలి పోయిన దినాలు
వార్డు గోడ మీద బొగ్గుతో నేనే గీసుకున్నా,
నర్సు తిట్టి తుడిచేదాకా.

కోర్టు ఆవరణలో లాయరు ప్రమీలారాణి.
"ఫీజు ఎంతమ్మా?"
"నీకు ఫీజు లేదు. నీ తరఫున సర్కారే పెట్టింది నన్ను."
సర్కారు మీద కేసుకు సర్కారు లాయరా!
నవ్వొచ్చింది, భయమూ అయింది.
ఆమె ఎక్స్‌రే చూడలే.
ఆ కొట్టేసిన వరస మీద వేలు పెట్టి
"ఇది ఎవరు మార్పించినారు?"
"నేనే."
"సగం కేసు నువ్వే నడిపినావు పో."

కార్పొరేషన్ ఇంజనీరు ఫైలు తెరిచినాడు.
అందులో మా కాలవకు బండలన్నీ ఉండాయి,
లెక్క తప్పకుండా, బిల్లుతో సహా.
"చూసుకోని నడవాల కదా" అన్నాడు,
నాతో కాదు, ఫ్యానుతో.
వాయిదా.
మళ్లా వాయిదా.

మూడో వాయిదాకు ముందురోజు పొద్దున
తలుపు తీస్తే, కాలవ మీద కొత్త బండ.
ఎవరేసినారో ఎవరూ చూడలే.
ఓబులమ్మ దాని మీద కూర్చోని చిక్కుడుకాయ తుంచుతా
"గెలిచినావు కదే, ఇంగ చాలించు" అంది.

మా ఆయన ఉన్నన్నాళ్లు గనిలో బండ తీసేవాడు.
సుత్తితో తట్టి చెవి ఆనించేది:
కంగుమంటే గట్టిది,
బొదమంటే లోపల పొర విడిచింది.
ఇంట్లో ఆ చెవి ఒక్కటే ఇచ్చిపోయినాడు నాకు.

వాకరు పట్టుకోని ఆరడుగులు నడిచినా.
ఓబులమ్మను లేపినా.
వాకరు కాలు ఎత్తి తట్టినా.

బొద్.

"లాయరమ్మా, నేను దస్తగిరమ్మను.
పొద్దున్నే ఫోన్ చేసినానని కోపగించుకోవద్దు.
ఇంకో అర్జీ పెట్టాల.
లేదు, ఇంగా ఎవరూ పడలే.
అదే రాయమ్మా, ఇంగా ఎవరూ పడలేదని."