తీగ చాలలేదు

ఐస్‌లాండ్ ఉత్తరాన, గొర్రెలకీ గాలికీ తప్ప
ఎవరికీ అక్కర్లేని నల్లరాతి బయలులో
సిగ్వాల్ది కంచె వేశాడు, తండ్రి వేసిన గుంతల్లోనే.
నాలుగైదేళ్లకోసారి, మంచు కరిగి చూస్తే
నేల పగులు దాటేచోట తీగ తెగి ఉండేది.
"చలికి ముడుచుకుంది" అనుకుంటూ
బెత్తెడు ముక్క అతికేవాడు.
ఒక్క ఏడైనా తీగ మిగల్లేదు,
వదులై వేలాడలేదు.
ఇది అతనికి తెలుసు.
తెలిసినట్టు తెలియదు.

రెయక్యావిక్‌లో ప్రొఫెసర్ ఏయోల్వర్ బల్లమీద
ఎండిపోయిన ఆపిల్ ఒకటి.
భూమి చల్లారుతోంది, ముడుచుకుంటోంది,
ఆ ముడతలే కొండలు.
ముప్పై ఏళ్లుగా అరచేతిలో తిప్పి చూపిన పాఠం.
చట్రం కిటికీకి ఉంటుంది.
చూసేవాడికి కొండ కనిపిస్తుంది,
చెక్క కనిపించదు.

లెక్కలు రాసేది స్టేన్వర్.
ఏటా వేసవిలో గుర్రం మీద వెళ్లి
రాతిలో దిగ్గొట్టిన ఇత్తడి మేకుల మధ్య
ఉక్కు టేపు పరిచేది, మోకాళ్లు కోసుకుపోయేలా.
పోయినసారికీ ఈసారికీ వచ్చిన తేడాని
పట్టికలో చివరి గడిలో వేసేది.
ఆ గడి నెత్తిన ప్రొఫెసర్ దస్తూరీ:
కొలత దోషం.

ఒక సాయంత్రం సిగ్వాల్ది వంటింట్లో కాఫీ తాగుతూ
కిటికీలోంచి కంచెని చూసింది.
అతుకులు లెక్కపెట్టింది. పదకొండు.
ఎందుకో కప్పు దించేసి
తన పుస్తకం తెరిచి చివరి గడి కూడింది.

దోషానికి దిక్కుండదు.
తాగినవాడి నడకలా
అటో అడుగు ఇటో అడుగు తూలాలి.
ఇవి తూలడం లేదు.
పనిమీద పోయే మనిషిలా
అన్నీ ఒకే వైపు నడుస్తున్నాయి.

ప్రొఫెసర్ ఓపిగ్గా విన్నాడు.
ఎండకి టేపు సాగుతుందన్నాడు.
మంచు మేకుల్ని ఎత్తేస్తుందన్నాడు.
నీ గుర్రం అలిసి ఉంటుందని నవ్వాడు కూడా.
ఏదీ అబద్ధం కాదు, గుర్రంతో సహా.
తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే
మొండితనమైతే పోట్లాడొచ్చు.
ఇది వేరే.
నాలుగో కాలు కనబడ్డప్పుడల్లా
తోక అని రాసుకునే శ్రద్ధ.

ఆ తర్వాత ఏమీ జరగలేదు, చాలా ఏళ్లు.
సముద్రం అడుగు కొలిచిన ఓడ ఒకటి వచ్చింది.
ఓడలో కుర్రాళ్లు వచ్చారు, ఆపిల్ తినేవాళ్లు.
ఇద్దరు ముసలి ఆచార్యులు పోయారు.
క్యాంటీన్‌లో గుసగుసగా అన్నమాట
మెట్లమీద మామూలుగా అనడం మొదలైంది.

నవంబర్‌లో, మధ్యాహ్నానికే దీపాలు పెట్టిన రోజు,
పట్టిక మళ్లీ శుభ్రంగా ఎత్తి రాస్తూ
స్టేన్వర్ చివరి గడి దగ్గర ఆగింది.
బ్లేడుతో పై సిరా గీకేసింది.
కదలిక, అని రాసింది.
కింద అంకెలు అవే.
ఒక్క సున్నా కూడా మారలేదు.

ప్రొఫెసర్ చాలాసేపు చదివాడు.
"దస్తూరీ బాగుంది" అని తిరిగిచ్చాడు.
వసంతంలో పదవి దిగిపోతూ
ఆపిల్‌ని కోటు జేబులో వేసుకున్నాడు.

మనమూ భూమికి అచల అని పేరు పెట్టాం.
జగతి అనీ పెట్టాం.
కదలనిది. కదిలేది.
నిఘంటువు పుటలో రెండూ ఒకే వరుసలో
ఇన్ని వందల ఏళ్లు పోట్లాడుకోకుండా కూర్చున్నాయి.
ఏ పేరుతో పిలుస్తున్నామో
పిలిచేటప్పుడు ఎవరం చూసుకున్నాం?

వేసవిలో సిగ్వాల్దికి చెప్పింది స్టేన్వర్:
నీ పొలం రెండుగా విడిపోతోంది, మెల్లగా,
పగులుకి అటు సగం, ఇటు సగం.
అతను గడ్డం గోక్కున్నాడు.
"అయితే మా నాన్న తీగ మంచిదే" అన్నాడు.

పగులు దాటేచోట ఈసారి
బారెడు మెలిక వదిలి కట్టాడు, ముందుచూపుతో.
ఆ మెలిక సందులోంచి
చలికాలం రాకముందే
రెండు గొర్రెలు బయటికి పోయాయి.