సముద్రమట్టం

లాపాజ్‌లో నీళ్లు తొందరగా మరుగుతాయి,
బంగాళాదుంప మాత్రం ఓ పట్టాన ఉడకదు.
గాలి పలచన.
ముప్పై ఏళ్లుగా ఈ గాలినే కొలుస్తున్నాను
ఆస్పత్రి నేలమాళిగలో, రేడియేషన్ యంత్రం పక్కన.

ఈసారి శిక్షణకు ఖాళీ ఒక్కటే.
వచ్చినవాళ్లు పదకొండు మంది.
వారా లరూతా ఏడో మనిషి.
చకల్తాయ కొండమీద నాలుగేళ్లు
ఆకాశం నుంచి రాలే కణాలు లెక్కపెట్టిందట.
"మరి ఒంటి గురించి ఏం తెలుసు?" అన్నాడు డాక్టర్ ఇరియార్తే.
"పోయినేడు వైద్య కళాశాలలో
పద్దెనిమిదేళ్ల పిల్లల వెనక బెంచీలో కూర్చున్నాను.
ప్లీహం ఎక్కడుంటుందో చీకట్లో అయినా చూపిస్తాను."
ఆయన నవ్వలేదు. నేను నవ్వాను.

ప్రాక్టికల్‌కి నీళ్లతొట్టి నింపమన్నాం.
నింపి, చేతులు తుడుచుకుని, కుర్చీలో కూర్చుంది.
"మొదలుపెట్టవేం?"
"నీళ్లు ఇంకా గదిలోకి రాలేదు సార్,
కొళాయిలోనే ఉన్నాయి. చల్లగా."
నలభై నిమిషాలు.
ఇరియార్తే రెండుసార్లు గడియారం చూశాడు.

తర్వాత నేనిచ్చిన చీటీ చూసింది.
ఉష్ణోగ్రత ఇంత, వాయుపీడనం ఇంత.
మళ్లీ చూసింది.
"ఈ పీడనం ఎక్కడిది?"
"విమానాశ్రయం వాళ్లనడిగి రాశాం."
"వాళ్లు చెప్పేది సముద్రమట్టానికి దించిన లెక్క.
మనకి సముద్రం లేదు కదండీ."

ఆ అంకె వేసి కడితే
యంత్రం నీరసించిందని తేలుతుంది.
నీరసించిందని మోతాదు పెంచుతాం.
బల్లమీద పడుకున్న మనిషికి
ఒకటి పడాల్సిన చోట ఒకటిన్నర, ఆపైన.
మంట తెలీదు. వాసన రాదు.
మూడు వారాలకి చర్మం చెబుతుంది.

"భలే ఉచ్చు పన్నారు," ఇరియార్తే నా చెవిలో.
తలూపాను.

ఉచ్చు కాదు.
మా బారోమీటరు మరమ్మతుకెళ్లి రెండ్రోజులు.
పొద్దున ఫోను చేసింది నేనే.
ముప్పై ఏళ్లుగా తెలిసిన సంగతే,
చెయ్యి రాసింది, కన్ను చూడలేదు.
మధ్యాహ్నం యంత్రాన్ని సరిచూడాల్సిందీ
ఆ చీటీతోనే.

బయట వరండాలో
కుచ్చెళ్ల లంగాల మీద టోపీలు పెట్టుకుని
ఆరుగురు ఆడవాళ్లు వంతు కోసం కూర్చున్నారు.
ఒకామె ఉడికిన మొక్కజొన్న
గింజా గింజా ఒలిచి పక్కామెకు పెడుతోంది.

ఫలితాల కాగితంలో వారా పేరు రాశాను.
కారణం అనే గడి దగ్గర కలం ఆగింది.
'నీళ్లు చల్లగా ఉన్నాయని ఆగింది' అని రాశాను.
అదీ నిజమే.

మిగతాది సోమవారం ఆమెకే చెబుతాను,
తొట్టి నింపాక,
నీళ్లు గదిలోకి వచ్చేలోపు.
చెబుతాననే అనుకుంటున్నాను.