ఎరువు సొమ్ము

నాన్న రొట్టెల డబ్బాని అమ్మ గుమ్మం దాటనిచ్చేది కాదు.
పొద్దున దాంట్లో జామ్ రాసిన రొట్టె కిందికి దిగేది,
సాయంత్రం దాంట్లోనే లద్ది పైకి వచ్చేది.
"ఏడు నీళ్ళు మార్చి కడిగా, ఇంకా గుర్రమే" అని
సబ్బు చేతులు ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకునేది.

డరమ్ బొగ్గు ఊళ్ళలో
కథ్‌బర్ట్ అని పేరున్నవాణ్ణి కడీ అంటారు.
పొట్టి గుర్రాన్నీ కడీ అనే అంటారు.
అలా రోజూ తెల్లారకముందే
ఒక కడీ బోనులో నిలబడి
నూట ఎనభై బారల లోతుకి దిగి
ఇంకో కడీ మెడ మీద చెయ్యి వేసేవాడు.

దాని పేరు స్పెక్. నుదుట పెసరగింజంత తెలుపు.
నాలుగేళ్ళ వయసులో గనిలోకి దిగింది.
ఏడాదికి రెండు వారాలు, గని సెలవులకి,
కళ్ళు చికిలించుకుంటూ గడ్డి మీదికి వచ్చేది.
మిగతా యాభై వారాలూ
గడ్డే దాని దగ్గరికి వెళ్ళేది,
మోపులు కట్టించుకుని, అదే బోనులో.

నాకప్పుడు ఎనిమిదేళ్ళు. ప్రశ్నల వయసు.
"ఎండలో పెరిగింది చీకట్లోకి దిగి,
స్పెక్ కడుపంతా తిరిగి,
నీ డబ్బా ఎక్కి మళ్ళీ ఎండలోకి వస్తే
అది ఎవరిది నాన్నా? కంపెనీదా, స్పెక్‌దా?"
నాన్న నోట్లోంచి పైపు తీశాడు.
"ఎరువు కదే పిల్లా," అన్నాడు,
"ఎరువు తెచ్చుకున్నది ఎవరిదని చెప్తాం?"

పచ్చిది వేస్తే మొక్క మాడిపోతుంది.
పెరట్లో పాత తలుపు కింద కుప్ప పోసి
చలికాలమంతా మగ్గనిచ్చేవాడు.
మంచు పడ్డ పొద్దున ఊరంతా తెల్లగా ఉంటే
మా కుప్ప ఒక్కటే నల్లగా, ఆవిరి వదులుతూ.
బడికెళ్ళే ముందు దాంట్లో వేళ్ళు దూర్చి
వెచ్చబెట్టుకునేదాన్ని.
కంపంటారా? ఏమో.
తడిసిన గడ్డి, పాత తోలు, ఎక్కడో కాస్త తీపి.

ఏప్రిల్‌లో లీకు నారు.
ఉల్లికి దూరపు చుట్టం, ఉల్లికున్న కోపం లేనిది.
పెళ్ళాం పుట్టినరోజు మరిచిపోయినవాడు కూడా
లీకు కాడ చుట్టుకొలత నిద్రలో చెప్పే ఊరు మాది.
సెప్టెంబరు పోటీ దగ్గరపడితే లాంతర్లతో కాపలా.
పక్కమడి టిండేల్ తన మొక్కలకి ఏం పోస్తాడో
ఆయన భార్యకే తెలీదు.
బీరన్నారు కొందరు. ఇంకోటన్నారు.

ఆ ఏడు మే నెలలో
లీకుల నడుమ ఒక గడ్డిపరక లేచింది.
గుర్రం కడుపు ఆవు కడుపు కాదు, అన్నీ అరగవు.
దాణాలోని ఓట్స్ గింజ ఒకటి
పళ్ళకి దొరక్కుండా జారి,
కుప్ప అంచున ఉడక్కుండా మిగిలి,
మా పాదిలో కళ్ళు తెరిచింది.

కలుపంటే కత్తి దూసే మనిషి
దీని ముందు గొంతుక్కూర్చున్నాడు.
వేళ్ళతో మొదలు చుట్టూ మట్టి సర్ది,
"ఎండ ఎలా ఉంటుందో చూద్దామని వచ్చినట్టుంది," అన్నాడు.
"కడీ, నీ లీకుల కూడు అది తినేస్తోంది!"
గోడ మీంచి టిండేల్.
నిజమే.

ఆగస్టులో స్పెక్ పైకొచ్చింది.
నాన్న ఆ పచ్చి వెన్ను కోసి, చేతిరుమాల్లో చుట్టి
నన్ను వెంటబెట్టుకుని కంచె దగ్గరికి నడిచాడు.
ఇప్పుడిది కమ్మగా తింటుంది,
నాన్న ముఖం పక్కకి తిప్పుకుంటాడు, అనుకున్నా.
స్పెక్ వాసన చూసింది. తుమ్మింది.
నాన్న కోటు జేబులో మూతి దూర్చి
జామ్ రొట్టెని కాగితంతో సహా లాగేసింది.

వెన్ను నేనే నమిలాను.
పాలుపట్టిన గింజలు. నాలుక మీద పచ్చిక.

పోటీలో టిండేల్‌కి మొదటి బహుమతి, గోడ గడియారం.
మాకు మూడోది, ఉన్ని దుప్పటి.
అమ్మ దాన్ని మడత విప్పి బుగ్గకి ఆనించుకుని
"ఈ కొంపలో గుర్రం వాసన లేనిది ఇదొక్కటే" అంది.

ఆ రాత్రే గాలివాన.
తెల్లారి చూస్తే దుప్పటి కుప్ప మీద ఉంది,
నాలుగు మూలలా నాలుగు ఇటుకలతో.

మూడు రోజులు అమ్మ నాన్నతో మాట్లాడలేదు.
నాలుగో రోజు డబ్బాలో
రెండు జామ్ రొట్టెలు పెట్టింది.