ఇరవయ్యొక్క పైసలు

దరేడ్‌లో ఆరింటికి లేత్‌లు ఆగుతాయి.
జామ్‌నగర్ గాలిలో ఇత్తడి వాసన మాత్రం ఆగదు,
నా టీ కప్పులో, నా జడలో,
కీబోర్డు మీద ఎనిమిదో అంకె సందులో.

అప్పుడు మొదలవుతుంది నా పని.
కారాభాయ్ నకుమ్, పోత విభాగం,
ఇరవై రెండేళ్లుగా కొలిమి ముందు.
మూలవేతనం, దాని మీద కరువు భత్యం,
రెండూ కలిపి పదమూడు వేల ఏడొందలు.
నూటికి పన్నెండు చొప్పున
పదహారొందల నలభై నాలుగు అతని వాటా,
చెయ్యి తాకకుండానే వెళ్లిపోయే డబ్బు.
సేఠ్ వాటా కూడా అంతే,
కాకపోతే అది గుమ్మం దాటగానే రెండు పాయలవుతుంది:
ఎనిమిది పాయింట్ ముప్పై మూడు పింఛనుకి,
మిగిలింది పీఎఫ్‌కి.
ఎనిమిది పాయింట్ ముప్పై మూడంటే పన్నెండో వంతు,
ఏడాదిలో ఒక నెల అన్నమాట.
ఇది నాకు ఎవరూ చెప్పలేదు, ఒక రాత్రి తోచింది.

పదకొండొందల నలభై ఒక్క రూపాయి
ఇరవయ్యొక్క పైసలు.
పైసలు వద్దంటుంది పోర్టల్.
కొట్టేస్తాను.
అవి పోవు.
పక్క గడిలో ఐదొందల రెండు డెబ్బై తొమ్మిది
నిండుగా ఐదొందల మూడై కూర్చుంటుంది.
ఇటు రాలింది అటు తేలుతుంది.
పదకొండేళ్లుగా ఈ ఒక్క సంగతిని నమ్ముకుని
నిద్రపోతున్నాను.

ఈ నెల మూడు వరసలు మొండికేశాయి.
ముగ్గురిదీ ఒకటే పుట్టినరోజు, జనవరి ఒకటి.
ఆధార్ శిబిరంలో కుర్రాడు అడిగితే
"వాన పడని ఏడు" అన్నాడట కారాభాయ్.
వాన పడని ఏడుకి గడి లేదు.
అందుకని ఒకే పొద్దున
ముగ్గురికీ యాభై ఎనిమిది నిండాయి,
పింఛను గడిలో సున్నా పడింది,
సేఠ్ వాటా చీలకుండా మొత్తం పీఎఫ్‌లోకి నడిచింది.
కారాభాయ్ చీటీని ట్యూబ్‌లైటు కింద పట్టుకుని
"జీతం పెరిగిందా భానుబెన్?"
"లేదు కాకా, మీకు వయసొచ్చింది."
"ఎవరన్నారు?"
కంప్యూటర్ వైపు చూపించాను.
దాన్ని కాసేపు ఎగాదిగా చూసి
"దీనికెన్నేళ్లు?" అన్నాడు.

నవ్వాను. నవ్వు సగంలో ఉండగానే
హూర్‌బాయి వరస తెర మీదికి వచ్చింది.

రెండేళ్ల కిందట వసన్‌జీ సేఠ్
ఆమె పేరు పక్కన పెన్సిల్‌తో ఒక గీత గీశాడు.
పదమూడు వేలలో నాలుగు వేలు
'ఉతుకుడు భత్యం' అయిపోయాయి.
ఉతకడానికి ఆమెకున్నవి మూడు జతలు.
భత్యం మీద పన్నెండు లేదు.
ఆమె చేతికి నాలుగొందల ఎనభై ఎక్కువొచ్చింది,
సేఠ్ దగ్గర నాలుగొందల ఎనభై మిగిలింది.
గీతని అంకెలుగా మార్చింది నేను.
మర్నాడు హూర్‌బాయి
ఎండు కచోరీల పొట్లం తెచ్చి నా బల్ల మీద పెట్టింది,
"నీ చేతి చలవ" అంది.
తిన్నాను.
కారంగా, బాగున్నాయి.

నెలకు తొమ్మిదొందల అరవై.
ఏ గడిలో వెతకను?
పింఛనులో లేదు, పీఎఫ్‌లో లేదు,
పోర్టల్ అడగదు, రసీదు రాదు.
ఇరవయ్యొక్క పైసలకి పక్కిల్లుంది,
దీనికి లేదు.

పదిహేనో తేదీకి ఇంకా రెండు రోజులు.
ఫైలు తయారైంది,
పేరుకీ అంకెకీ మధ్య నిచ్చెనగుర్తు, అలగుర్తు, మళ్లీ నిచ్చెనగుర్తు.
నలభై ఒకటో వరస నాది.
నా వరసలో భత్యాలు లేవు, ఎప్పుడో చూసుకున్నాను.

పంపే బటన్ మీద వేలు ఉండగా తలుపు తోసింది హూర్‌బాయి.
రోజూ ఈ వేళకే లేత్‌ల కింద రజను ఊడ్చి
డబ్బాలో తెస్తుంది, మళ్లీ కరిగిస్తారు కదా.
తక్కెడలో పోసి, డబ్బా అడుగున గోటితో గీకి,
గోటి సందులోది కూడా దులిపి
"రాసుకో బెన్" అంది,
"మూడు కిలోల నాలుగొందల పది.
నా చేతుల్లో గ్రాము పోదు."

రాసుకున్నాను.
ఆ కాగితం వెనక పెన్సిల్‌తో
రెండేళ్లని నెలలుగా విడగొట్టడం మొదలుపెట్టాను.
ఆమె ఇంకా అక్కడే నిల్చుని ఉంది,
"ఏం లెక్క అది?" అని.