ఎవరిదో తెల్వని మూట

నిరుడు గీ దినాలల్లనే,
బోరుబండి మీదికెల్లి మా ఆయన జారిపడ్డ వారం,
పొద్దుగాల తలుపు తీస్తే
గడప ముంగట బియ్యం మూట.
మూతికి చీరె పేలిక. పేరు లేదు.

ఇయ్యాల దేవరకొండ చర్చిల కోత పండుగ.
నా సొరకాయ వేలంల ఎనభైకి పోయింది.
"కృతజ్ఞతలు చెల్లించుడి" అన్నడు అయ్యగారు.
దేవునికి చెప్పిన.
మూట పెట్టినోళ్ళకు?

వరుస వరుస చూసుకుంట కూసున్న,
ఆ పేలిక అంచు ఎవరి చీరెదో అని.
సల్లోమి అయ్యుంటది.
కాంట కాడ పత్తి తూకం కొట్టే దానయ్య పెండ్లామో?
గెట్టు పంచాయితిల
నన్ను నోటికొచ్చినట్టు అన్న సుగుణమ్మ గూడ
అయితే అయ్యుంటది.
ఏడాది సంది ఎవ్వర్నీ
కడుపునిండ తిట్టలేకపోతున్న.

పత్తి ఏరనీకొచ్చినోళ్ళు
జిన్నింగు మిల్లు ఎనుక గుడారాలేసిన్రు.
అండ్ల ఒకామె పచ్చి బాలింత.
చీకటి పడ్డంక
నాలుగు సేర్ల బియ్యం, ఇన్ని పెసర్లు
అదే పేలికతోని కట్టి
గుడారం ముంగట పెట్టిన.

కుక్క మొరిగింది.
చెప్పులు చేతవట్టుకొని
ఉరికొచ్చిన.