ఏడో బీట

అక్టోబరు. సన్నటి జల్లు, ఏ క్షణాన ఆగిందో తెలియని జల్లు.
స్నీక్ ఊరి అవతల కొత్త లాకులో
నీళ్ళు అడుగుకు దించారు.
ఇనుప నిచ్చెన మెట్టు మెట్టుగా దిగుతోంది యెల్ట్యె,
పళ్ళ మధ్య పెన్సిలు,
మెడలో బీటల వెడల్పు కొలిచే గాజులాంటి బిళ్ళ.

ఏప్రిల్లో తనే గుర్తులు పెట్టింది
ఎర్ర మైనపు సుద్దతో.
పదకొండు బీటలు, పదకొండు అంకెలు, పక్కన తేదీ.
వెంట్రుకంత ఒకటి, గోరంచు అంత ఒకటి.
పదకొండోది మాత్రం నాణెం దూరేంత.

పైన రెయిలింగు పట్టుకుని ఔకె.
ముప్పై ఏళ్ళు బీటల్లోకి జిగురు ఎక్కించిన మనిషి.
మోకాళ్ళు రెండూ ఆ పనికే ఇచ్చేసి
ఇప్పుడు లాకు తలుపులు తీసే, మూసే కొలువులో ఉన్నాడు.
"ఏడోది చూడు," అన్నాడు, "చెమ్మ కారేది అక్కడే."

ఏడు అంకె ఉంది. తేదీ ఉంది.
బీట లేదు.

బీట ఉండాల్సిన చోట తెల్లటి గీత,
తడి సున్నంలో దారం ముంచి
ఎవరో అద్ది వెళ్ళినట్టు.

నీరు పల్లమెరుగు అంటాం.
పల్లం కంటే ముందు అది బీటనెరుగు.
సందు దొరికితే చాలు, లోపలి ఇనుము దాకా వెళ్ళి
తుప్పుకు కబురు చెప్పి వస్తుంది.
ఈ గోడ పోసినవాళ్ళు
ఆ దొంగ నడిచే దారిలోనే కాపలావాళ్ళను పడుకోబెట్టారు.
కంకరలో, ఇసుకలో, సిమెంటులో కలిపేసి
కంటికి ఆనని సూక్ష్మజీవుల విత్తులు,
పక్కనే వాటికి మూటగట్టిన చద్ది.

ఆకలి లేదు, ఊపిరి లేదు.
తల మీద గోడ లేస్తున్నా,
పడవలు ఒరుసుకుపోతున్నా
రెండు చలికాలాలు అలాగే పడి ఉన్నాయి.
గోడ చిట్లింది. నీళ్ళొచ్చాయి. నిద్ర చెడింది.
లేచి చద్ది తిన్నాయి.
ఇనుమును కొరికే గాలిని తామే పీల్చేసుకున్నాయి.
తిన్నదాన్ని రాయిగా విడిచాయి,
పలుకు మీద పలుకు,
నీటి దారి మూసుకుపోయేదాకా,
తమ దారి కూడా.

యెల్ట్యె నమ్మలేదు. గోటితో గీకింది.
గోరు కింద చిటికెడు తెల్లపొడి.
"నీ డబ్బాలో పులియబెట్టిన చేప ఉందా?" అని అరిచింది.
"ఉంటే?"
"చేప నువ్వు తిను. పులుపు నాకు పంపు."

తాడుకు కట్టి దింపిన చిన్న సీసా.
గీత మీద ఒక్క చుక్క వెనిగర్.
బుసబుస.
చెవి ఆనిస్తే తప్ప వినపడని పొంగు,
సున్నపురాయి తన పేరు తాను చెప్పుకునే చప్పుడు.

ఔకె కాసేపు ఏమీ అనలేదు.
తర్వాత, "వీళ్ళకి జీతమెంత?"
"ఒక్క పూట తిండి."
"మోకాళ్ళు?"
"లేవు."
"అదృష్టవంతులు," అని చేపతోక నోట్లో వేసుకున్నాడు.

మూడు, అయిదు కూడా పూడాయి. తొమ్మిది సగం.
గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా రానివ్వకపోవడం వాటి విద్య.
గొడ్డలి పని వాటికి రాదు.
పదకొండోది అలాగే నోరు తెరుచుకుని ఉంది,
అంచుల వెంట కాస్త తెలుపు,
అటునుంచి ఇటు అందుకోబోయి అందక ఆగినట్టు.
అక్కర్లేకపోయినా బిళ్ళ పెట్టి కొలిచింది యెల్ట్యె.
తలెత్తి చూసేసరికి
ఔకె అప్పటికే షెడ్డు వైపు కుంటుతున్నాడు,
బకెట్టు కోసం, తాపీ కోసం.
తలుపు అవతల ఇసుక పడవ ఒకటి
విసుగ్గా హారన్ కొట్టింది.
ఆగమన్నట్టు చెయ్యి ఊపాడు, వెనక్కి చూడకుండానే.

సాయంత్రం రిజిస్టరులో
ఏడో వరసకెదురుగా ఒక గడి ఖాళీ:
మరమ్మతు చేసినవారి గుర్తు.
యెల్ట్యె పెన్సిలు కొరుకుతూ కూర్చుంది.
ఔకె పుస్తకం తన వైపు తిప్పుకుని
సిమెంటు ఆరని బొటనవేలు
ఆ గడిలో నొక్కబోయి,
ఆగి,
నాలుగు వరసలు కిందకి జరిపి
పదకొండుకెదురుగా నొక్కాడు.